కుడివైపు వరస

కంపోజిటర్‌గా పనిచేసిన రోజుల్లో నేను పొరపాటున అచ్చుకి వదిలిన తప్పులు చాలానే ఉన్నాయి. వాటి గురించి నాకు పెద్దగా బాధ లేదు. తెలిసి వదిలింది మాత్రం ఒక్కటే. ఇంగ్లీషులో ఏ నామవాచకం తర్వాత ఏ ప్రిపొజిషన్ రావాలో చెప్పే పట్టిక అది. తెనాలిలో అచ్చయి బాపట్ల, రేపల్లె, చీరాల పిల్లల చేతుల్లోకి పోయింది. దాన్ని రాసిన మాస్టారంటే నాకు అసహ్యం. ఆయన పోయి చాలా ఏళ్ళయింది, అసహ్యం పోలేదు. పోగొట్టుకోవాలని నేను ప్రయత్నమూ చేయలేదు. ఆయన అని రాస్తున్నాను కదా, మర్యాద అంతవరకే.

ఆయన బాపట్లలో మా హైస్కూలు ఇంగ్లీషు మాస్టారు. ఉతికిన లాల్చీ, చంకలో గొడుగు, జేబులో రెండు పెన్నులు. పాఠం బాగా చెప్పేవాడని ఇప్పటికీ కొందరు అంటారు. మొదటి రెండు బెంచీల వాళ్ళకి బాగానే చెప్పి ఉంటాడు. మిగతా వాళ్ళం ఆయనకి క్లాసు నిండుగా కనబడడానికి పనికొచ్చేవాళ్ళం.

మా నాన్న నేతగాడు. ఊరి చివర మా ఇంట్లో రెండు గుంటమగ్గాలు ఉండేవి. నేలలో తవ్విన గుంటలోకి కాళ్ళు దించుకుని కూర్చుని నేసే మగ్గాలు. అమ్మ రాట్నం ముందు కూర్చుని కండెలకి నూలు చుట్టేది. బట్ట పూర్తయితే నాన్న మూట కట్టుకుని రైల్లో చీరాల వెళ్ళి ఇచ్చి వచ్చేవాడు. మా వంశంలో స్కూలు ఫైనలు దాకా వచ్చిన మొదటివాణ్ణి నేనే. ఆ సంగతి నాన్న ఎవరికీ చెప్పుకునేవాడు కాదు గానీ, నేను పుస్తకం తీస్తే మగ్గం చప్పుడు కాసేపు ఆపేవాడు.

మాస్టారు బోర్డు మీద రెండు వరసలు రాసేవాడు. ఎడమవైపు నామవాచకాలు, కుడివైపు ప్రిపొజిషన్లు. బిలీఫ్‌కి ఇన్. కాజ్‌కి ఆఫ్. కంట్రోల్‌కి ఓవర్. క్యూర్‌కి ఫర్. డామేజ్‌కి టు. డిఫరెన్స్‌కి బిట్వీన్. మర్నాడు కుడివైపు వరస చెరిపేసి, బెత్తంతో ఎడమవైపు మాట చూపించి, ఒక్కొక్కణ్ణీ లేపి అడిగేవాడు. చెప్పలేనివాడు బెంచీ ఎక్కాలి. నేను వారంలో ఐదు రోజులు బెంచీ మీదే ఉండేవాణ్ణి. తెలుగులో ఇంటికి, ఇంట్లో, ఇంటిమీద అని మాటతోపాటే అంటుకుని వస్తాయి, ఉగ్గుపాలతోపాటు నేర్చేసుకుంటాం. ఇవేమో విడిగా నిలబడి ఉంటాయి. ఏది ఎవరి పక్కన నిలబడుతుందో కారణం తెలియదు. కంట్రోల్ అంటే పెత్తనం కాబట్టి పైన ఉంటుంది, ఓవర్ అని సర్దుకున్నాను. మరి ఫెయిత్‌కి ఇన్ వచ్చినప్పుడు అబ్జెక్షన్‌కి టు ఎందుకు రావాలి? ఎంత ఆలోచించినా బోధపడలేదు. ఒకరోజు బెంచీ మీద నుంచే, ఎందుకలా వస్తుందండి అని అడిగాను. ఆ అడగడం పొగరుతో కాదు. నిజంగానే తెలుసుకుందామని.

"రీజన్ కావాలా నీకు? రీజన్ పక్కన ఏమొస్తుందో చెప్పు ముందు" అన్నాడు.

నాకు రాలేదు. క్లాసంతా నవ్వింది. నవ్వులు ఆగేదాకా ఉండి, గొంతు పెంచకుండా ఇంకో మాట అన్నాడు.

"గుంటలో కాళ్ళు పెట్టుకునే కొంపలో పుట్టినోడికి ఇవన్నీ ఎందుకురా? పోయి కండెలు చుట్టుకో."

ఆ మాట అన్న వేళకి మా నాన్న గుంటలో కాళ్ళు పెట్టుకునే ఉన్నాడు. నా ఫీజు కోసమే పెట్టుకుని ఉన్నాడు.  మార్చిలో ఇంగ్లీషు తప్పాను. సెప్టెంబరులో మళ్ళీ తప్పాను. మూడోసారి కట్టనని చెప్పేశాను. నాన్నకి తెలిసినాయన ఒకాయన నన్ను తెనాలి తీసుకెళ్ళి ఒక ప్రెస్సులో పనికి పెట్టాడు.

తెనాలిలో అప్పట్లో ప్రెస్సులకి లోటు లేదు. పంచాంగాలు, శుభలేఖలు, నాటకాలు, బళ్ళకి గైడ్లు. సీసం అక్షరాలు గళ్ళపెట్టెలో ఉంటాయి. ఒక్కొక్కటే ఏరి, చేతిలో స్టిక్కు పట్టుకుని అందులో తలకిందులుగా పేర్చాలి. తెలుగు పేర్చేవాళ్ళు చాలామంది ఉన్నారు గానీ ఇంగ్లీషు పేర్చేవాళ్ళు తక్కువ. రెండుసార్లు తప్పినా స్కూలు ఫైనలు స్కూలు ఫైనలే కాబట్టి ఇంగ్లీషు గళ్ళపెట్టె నాకు అప్పగించారు. అక్కడే ఇంగ్లీషు నేర్చుకున్నాను. కళ్ళతో కాదు, వేళ్ళతో. ఒక మాట తర్వాత వేళ్ళు ఏ గడిలోకి పోతాయో వాటికే తెలిసిపోయింది. రీజన్ పేర్చగానే చెయ్యి దానంతటదే 'ఫర్' కోసం 'ఎఫ్' గడిలోకి వెళ్ళేది. ఎందుకని అడిగితే చెప్పలేను. బడిలో నాకు కావలసిన కారణం లేకుండానే, బడి మానేశాక అది నాకు వచ్చేసింది.

అరవైల చివర ఒక జనవరిలో ఆ మాస్టారు మా ప్రెస్సు మెట్లెక్కాడు. స్కూలు ఫైనలు పిల్లల కోసం గైడు రాశాడట. అట్ట మీద తన పేరు లావు అక్షరాల్లో రావాలట. యజమాని వ్రాతప్రతి తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. చేతిరాత చూడగానే పోల్చుకున్నాను. అవే రెండు వరసలు. మాస్టారు మాత్రం నన్ను పోల్చుకోలేదు. ఎదురుగా నిలబడి, నా ముఖంలోకి చూసి, మంచినీళ్ళు తెమ్మన్నాడు. తెచ్చిచ్చాను.

అప్పటికి మా చెల్లెలు అదే స్కూల్లో, ఆయన క్లాసులోనే, స్కూలు ఫైనలు చదువుతోంది. నాకంటే ఏడేళ్ళు చిన్నది. బోధపడేదాకా వదిలే రకం కాదు. టీచరు ట్రైనింగుకి వెళ్ళాలని పదేళ్ళ వయసు నుంచే అనుకుంటోంది. నాన్న ఒప్పుకున్నాడు గానీ ఒక షరతు పెట్టాడు. మొదటిసారే పాసవ్వాలి. అన్నయ్యలాగా సెప్టెంబర్లు కుదరవు. తప్పితే రాట్నం ముందు కూర్చోవాలి, ఎందుకంటే అమ్మకి చూపు మందగించింది, దారం కనబడడం లేదు. నాన్న కర్కోటకుడేమీ కాదు. ఇంట్లో కండెలు చుట్టేవాళ్ళు లేకపోతే రెండు మగ్గాలూ ఆగిపోతాయి. అంతే సంగతి. ఆ మార్చి పరీక్ష మా చెల్లెలికి అటో ఇటో తేల్చేది.

మాస్టారు వారం వారం బాపట్ల నుంచి పొద్దుటి పాసింజరులో వచ్చి, కుర్చీలో కూర్చుని ప్రూఫులు దిద్దేవాడు. ఒకరోజు నేను పట్టిక పేరుస్తుంటే వెనక వచ్చి నిలబడ్డాడు. పేర్చేటప్పుడు పెదాలు కదపడం నాకు అలవాటు. అది చూసి నవ్వాడు. చదువుతున్నావేంటోయ్ అన్నాడు. అవునండి అన్నాను.

"నువ్వు చదవక్కర్లేదు. కనబడిన అక్షరం కనబడినట్టు పేర్చు. అర్థం నేను చూసుకుంటాను."

బడిలో అన్న మాట కంటే ఇది పెద్దదేమీ కాదు. కానీ ఆ మాటప్పుడు నేను పిల్లవాణ్ణి. ఇప్పుడు ఆ పట్టికలో ప్రతి ముక్కా నాకు వచ్చు. వచ్చని చెప్పుకునే వీలు లేదు. ఆ పూటంతా పళ్ళు నూరుకుంటూ పనిచేశాను.

పట్టిక పేజీ ప్రూఫులో ఒక్క తప్పూ రాలేదు. మాస్టారు కింద సంతకం పెట్టి అచ్చు వేసుకోమన్నాడు. మర్నాడు మధ్యాహ్నం ఆ పేజీని మిషను దగ్గరికి మోసుకెళ్తుంటే చుట్టూ కట్టిన దారం జారి కుడివైపు వరస మొత్తం బల్ల మీద కుప్పకూలింది. ఎడమవైపు చెక్కు చెదరలేదు. కూలిన ముక్కల్ని తొందరలో, ఎడమవైపు మాటలు చూడకుండా, పడిన వరసలోనే మళ్ళీ పేర్చాను. బిలీఫ్ పక్కన ఉండాల్సిన మొదటి 'ఇన్' మాత్రం విడిగా పక్కకి జరిగి ఉండిపోయింది, నేను చూడలేదు. రెండోదాన్నే మొదటి చోట పెట్టుకుంటూ వచ్చాను. చివర విక్టరీ పక్కన ఒక చోటు ఖాళీగా మిగిలింది. విడిగా పడి ఉన్న 'ఇన్' తీసి అక్కడ పెట్టి, దారం బిగించి మిషను ఎక్కించాను. పడిపోయిన పేజీకి మళ్ళీ ప్రూఫు తీయాలన్నది ప్రెస్సులో కట్టుబాటు. యజమాని ఊళ్ళో లేడు. పరీక్షలు దగ్గర పడుతున్నాయని తొందర. తీయలేదు.

మొదటి కాగితం బయటికి వచ్చింది. మిషను తిప్పే పెద్దాయన, మేమంతా బాబాయ్ అని పిలిచేవాళ్ళం, దాన్ని నా చేతికిచ్చాడు. ఒక్క చూపులో కనబడింది. బిలీఫ్‌కి ఆఫ్. కాజ్‌కి ఓవర్. కంట్రోల్‌కి ఫర్. క్యూర్‌కి టు. డామేజ్‌కి బిట్వీన్. పేజీ పొడుగునా ప్రతిదీ పొరుగువాడిది తగిలించుకుని కూర్చుంది. ఫెయిత్ పక్కన ఇన్ మాత్రం అదృష్టం కొద్దీ సరిగ్గా పడింది, దాని కింద ఇంట్రెస్టుకీ అదే కాబట్టి. ఆపి సరిచేయడానికి గంట కూడా పట్టదు.

"సరిచూశావా అబ్బాయ్?" అన్నాడు బాబాయ్.

"చూశాను. అచ్చు కొట్టెయ్ బాబాయ్."

పొరపాటు అక్కడిదాకానే. ఆ తర్వాతది పొరపాటు కాదు. కనబడినట్టే పేర్చాను, అర్థం మీరు చూసుకోండి మాస్టారూ అనుకున్నాను. ఆయన సంతకం పెట్టిన ప్రూఫు ముక్కలు ముక్కలుగా చింపి చెత్తలో వేశాను. చెల్లెలు నాకు గుర్తు రాలేదా అంటే వచ్చింది. దాని పుస్తకంలో నేను దిద్దుతాను, మిగతావాళ్ళు ఏమైపోతే నాకేం అనుకున్నాను. మిగతావాళ్ళంటే నా లెక్కలో మొదటి రెండు బెంచీల వాళ్ళు.

ఫిబ్రవరిలో గైడ్ల కట్టలు రేపల్లెలో పుస్తకాల కొట్టుకి ఇచ్చి రమ్మని యజమాని నన్ను పంపాడు. వారం పోయాక ఇంకో కట్ట పట్టుకెళ్ళాను. ఆ రెండోసారి వెనక్కి వచ్చేటప్పుడు వేమూరులో ముగ్గురు పిల్లలు నా రైలు పెట్టెలోకి ఎక్కారు. చేతుల్లో మా గైడు. ఒకడు మాట అంటున్నాడు, మిగతా ఇద్దరూ కళ్ళు మూసుకుని అప్పజెబుతున్నారు. కాజ్ ఓవర్. క్యూర్ టు. డామేజ్ బిట్వీన్. రైలు చప్పుడుకి సరిపడా ఊగుతూ చదువుతున్నారు. నాకు సంతోషమేసింది. అబద్ధమెందుకు, చాలా సంతోషమేసింది. తెనాలి దాకా వింటూ కూర్చున్నాను. వాళ్ళలో ఒకడి చొక్కా మోచేతి దగ్గర అతుకు వేసి ఉంది. అది కూడా చూశాను, చూసి కిటికీ వైపు తిరిగాను.

ఆ ఆదివారం బాపట్ల వెళ్ళాను. చెల్లెలి చేతిలోనూ అదే పుస్తకం. కొననివాళ్ళని క్లాసులోకి రానివ్వనన్నాడట. పట్టిక పేజీ తీసి కుడివైపు వరసంతా కొట్టేసి, పక్కన సిరాతో సరైనవి రాసిచ్చాను. అచ్చుతప్పులు పడ్డాయి, ఇవీ సరైనవి అన్నాను. అది ఒక్కొక్కటీ చదువుకుంది. అయితే సారుకి చెప్పాలి కదా అంది. వద్దన్నాను. తోటిపిల్లలు తప్పులు చదువుతున్నారు కదా అంది. నీ వరకు నువ్వు చూసుకో అన్నాను. ఎందుకలా అంటున్నానో దానికి అర్థం కాలేదు.

తన వరకు తను చూసుకునే పిల్ల కాదని నాకు తెలిసి ఉండాల్సింది. మర్నాడే క్లాసులోని మిగతా ఆడపిల్లలందరి పుస్తకాల్లోనూ దిద్దించింది. ఆ తర్వాత జరిగింది అదే చెప్పింది నాకు. మాస్టారు బెత్తం పుచ్చుకుని ఒక్కొక్కళ్ళనీ లేపుతున్నాడు. మగపిల్లలు గైడులో ఉన్నది ఉన్నట్టు చెబుతున్నారు. ఆయన పరధ్యానంగా ఊ అంటున్నాడు, పుస్తకం చూడడం లేదు, మాటలు వినడం లేదు. ఒక ఆడపిల్ల లేచి కాజ్ ఆఫ్ అంది. వెనక నుంచి ఒకడు, సార్ గైడులో ఓవర్ అని ఉందండి అన్నాడు. అప్పుడు పుస్తకం తీసి చూశాడు. చెల్లెలు ఎదురు బెంచీలో కూర్చుని ఆయన ముఖమే చూస్తోంది. ముఖం మాడిపోయిందట. పేజీ పైనుంచి కిందిదాకా చూశాడట. ఆయనకి తెలిసిపోయిందన్నయ్యా, అది నేను కళ్ళారా చూశాను అంది.

తెలిసింది కూడా. చెప్పడానికి ఒక్క నిమిషం చాలు. అచ్చులో తప్పు పడింది, దిద్దుకోండి అంటే అయిపోయేది. కానీ అట్ట మీద తన పేరుంది. అప్పటికే మూడు ఊళ్ళలో పుస్తకాలు పంచేశారు. పుస్తకం మూసి, ఈ దిద్దుళ్ళు ఎవరివి అని అడిగాడు. చెల్లెలు లేచి నిలబడి నావేనండి అంది. ఎవరు చెప్పారంటే మా అన్నయ్య చెప్పాడండి అంది. అన్నయ్య ఏం చదివాడు అన్నాడు. స్కూలు ఫైనలు తప్పాడండి అని చెప్పింది. ఉన్నమాట చెప్పడం దానికి అలవాటు. క్లాసు నవ్వింది. నాకు తెలుసు ఆ నవ్వు ఎలా ఉంటుందో.

పుస్తకం సరైనదే, నేను చెప్పిందే తప్పు అని కాగితం మీద రాసి, తండ్రితో సంతకం పెట్టించి తెచ్చేదాకా క్లాసులోకి రావద్దన్నాడు. అది రాయలేదు. రోజూ బడికి వెళ్ళి, ఇంగ్లీషు గంటలో బయట వరండాలో నిలబడేది. కిటికీలోంచి వినబడినంత వినేది. మొదట్లో ఇంగ్లీషు గంటకే. తర్వాత ఆయన హెడ్మాస్టరుతో ఏం చెప్పాడో, మిగతా క్లాసులకీ రావద్దన్నారు. హాజరు పడడం లేదు. హాజరు తగ్గితే పరీక్షకి కూర్చోనివ్వరు. పరీక్షకి ఇంకా నెల కూడా లేదు.

ఈలోగా మాస్టారు ప్రెస్సుకి వచ్చాడు. పుస్తకం యజమాని బల్ల మీద విసిరికొట్టాడు. యజమాని నన్ను పిలిచాడు. ప్రూఫు ప్రకారమే పేర్చానండి అన్నాను. ప్రూఫు ఏదీ అంటే కనబడలేదు. వ్రాతప్రతి ఏదీ అంటే, ఎప్పుడో మాస్టారికే తిరిగి ఇచ్చేశాం, అది ఆయన దగ్గరే ఉండాలి. యజమాని నావైపే మొగ్గాడు. మీరు సంతకం పెట్టాకే వేశామండి, కావాలంటే తప్పొప్పుల పట్టిక ఒక చీటీ వేసిస్తాం, పుస్తకాల్లో అంటించుకోండి అన్నాడు. మాస్టారు ఒప్పుకోలేదు. చీటీ అంటిస్తే తప్పు ఒప్పుకున్నట్టే కదా. గొడుగు తీసుకుని మెట్లు దిగి వెళ్ళిపోయాడు. ఆయన వీపు చూస్తూ నిలబడ్డాను. అన్నేళ్ళుగా నేను కోరుకున్నది అదే, ఆయన తల దించుకుని పోవడం. చూశాను. అదే సమయానికి మా చెల్లెలు బాపట్లలో వరండాలో నిలబడి ఉంది.

చెల్లెలు వరండాలో నిలబడ్డ పదో రోజున నాన్న దగ్గర నుంచి కార్డు వచ్చింది. సోమవారం లోపల కాగితం రాసి క్లాసులోకి వెళ్ళకపోతే బడి మాన్పించేస్తానని. ఆ కార్డు పట్టుకుని బాపట్ల పరిగెత్తాను. ఏం చెయ్యడానికి వెళ్ళానో, ఏం చేశానో చెప్పాలి. వెళ్ళి చెల్లెలికి, రాసి పారెయ్ అని చెప్పాను. కాగితం ముక్కే కదా, పరీక్షలో మాత్రం సరైనవి రాద్దువుగాని అన్నాను. అది నన్ను వింతగా చూసింది.

"నువ్వు చెప్పిందేగా అన్నయ్యా నేను చెప్పింది. తప్పని నువ్వే రాయమంటావేంటి?"

నిజం అప్పుడు చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. చెబితే నేను చేసిన పని బయటపడుతుందని భయం ఉంది, ఉద్యోగం పోతుందని భయమూ ఉంది. వాటికంటే పెద్దది ఇంకొకటి ఉంది. చెల్లెల్ని కాపాడాలంటే మాస్టారు రాసింది మొదటినుంచీ ఒప్పే అని నా నోటితో నేను చెప్పాలి. అది నావల్ల కాలేదు. సాయంత్రం బండికి తెనాలి వచ్చేశాను.

సోమవారం పనిలో చెయ్యి సాగలేదు. మంగళవారం భోజనాల వేళ ఎవరూ లేనప్పుడు తప్పొప్పుల పట్టిక నేనే పేర్చాను. ఎడమవైపు తప్పు, కుడివైపు ఒప్పు. కింద, ఇది ప్రెస్సు వారి పొరపాటు, గ్రంథకర్తది కాదు అని పేర్చాను. ఆ చివరి ముక్క పేర్చడానికి పట్టికంతటికీ పట్టినంతసేపు పట్టింది. ప్రూఫు తీసి యజమాని ముందు పెట్టి, పేజీ పడిపోయిన సంగతీ, సంతకం కాగితం చింపిన సంగతీ చెప్పాను. ఎప్పుడు చూసుకున్నావంటే, మొన్న చూసుకున్నానండి అని అబద్ధమాడాను. యజమాని ప్రూఫు చదివి పక్కన పెట్టాడు. చీటీలు కొట్టి మాస్టారికిచ్చి, మళ్ళీ ఇక్కడికి రావద్దు అన్నాడు.

బుధవారం పొద్దున్నే చీటీల కట్ట పట్టుకుని బాపట్లలో మాస్టారి ఇంటికి వెళ్ళాను. వరండాలో పేపరు చదువుతున్నాడు. కూర్చోమనలేదు. చీటీ ఇచ్చాను. రెండుసార్లు చదివాడు. తప్పు మాదేనండి, నేనే చేశాను, మా చెల్లెల్ని క్లాసులోకి రానివ్వండి అన్నాను. ఆయన లోపలికి వెళ్ళి ఒక కాగితం తెచ్చాడు. మీ నాన్న సోమవారం వచ్చాడు, ఆ పిల్ల రాసిచ్చింది, నిన్నటినుంచీ క్లాసులోనే ఉంది అన్నాడు. కాగితం నాకు చూపించాడు గానీ చేతికివ్వలేదు. ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు. గైడు సరైనదేనని, తనే తప్పు చెప్పానని, మా అన్న నన్ను తప్పుదోవ పట్టించాడని, క్షమించమని. దాని రాతే, మాటలు మాత్రం దానివి కావు. ఆయన చెబుతుంటే రాసింది. కింద నాన్న సంతకం. తెలుగులో, ఒక్కొక్కటే విడివిడిగా దిద్దిన అక్షరాలతో.

ఇక ఆ కాగితంతో పనిలేదు కదండీ, నాకిచ్చెయ్యండి అని అడిగాను. ఉండనీ అన్నాడు. మడిచి పుస్తకంలో పెట్టుకున్నాడు. చీటీలు కూడా తీసుకున్నాడు. రెండూ ఉంచుకున్నాడు.  ఇంక దాచుకోలేక, నేను మీ దగ్గరే చదివానండి అన్నాను. ఆ మాట వింటే ఏదో గుర్తొస్తుందని, ముఖం మారుతుందని నా ఆశ.

"చాలామంది చదివార్లే" అని పేపరు తీసుకున్నాడు.

చీటీలు క్లాసులో పంచి అంటించుకోమన్నాడట, ప్రెస్సోళ్ళ నిర్వాకం అని. చెల్లెలి కాగితం మాట ఎత్తలేదట. రేపల్లెకి చీటీలు వెళ్ళాయో లేదో తెలియదు. రైల్లో ఊగుతూ చదివిన ఆ ముగ్గురూ ఏం రాశారో, పాసయ్యారో తప్పారో అదీ తెలియదు. చెల్లెలు పాసయింది. మొదటిసారే. ట్రైనింగు అయ్యాక రేపల్లె పక్క పల్లెలో టీచరుగా వేశారు. నేను గుంటూరులో వేరే ప్రెస్సులో చేరాను. రాట్నం ముందు అమ్మే, చూపు పూర్తిగా పోయేదాకా, తడుముకుంటూ కూర్చుంది.

డెబ్భైలు సగం గడిచాక, ఒక పనిదినం నాడు మధ్యాహ్నం చెల్లెలి ఇంటికి వెళ్ళాను. బడి పక్కనే ఇల్లు. భోజనం బెల్లు కొట్టగానే వచ్చి నాకు అన్నం వడ్డించింది. పిల్లల గురించి, నాన్న మోకాళ్ళ నొప్పుల గురించి మాట్లాడుకున్నాం. మాస్టారి ప్రస్తావన వస్తే ఎప్పటిలాగే నేను తిట్టాను. ఎప్పుడూ నాతో కలిసి తిట్టేది. ఆ రోజు తిట్టలేదు. నా కంచంలో మజ్జిగ పోసి, గిన్నె కింద పెట్టి అడిగింది.

"ఆ పట్టికలో తప్పు నీకెప్పుడు తెలిసింది?"

పుస్తకాలు వచ్చేశాక అన్నాను. ఎప్పుడూ చెప్పేదే. అది తల ఊపింది. పోయిన వారం ఒక పెద్దాయన మనవణ్ణి బళ్ళో చేర్పించడానికి వచ్చాడని చెప్పింది. తెనాలిలో మిషను తిప్పేవాడట. ఊరూ పేరూ అడిగి, ఫలానా కుర్రాడి చెల్లెలివా అమ్మా అన్నాడట. చాలా ఆప్యాయంగా మాట్లాడాడట. మీ అన్న హుషారైనవాడు, మొదటి కాగితం చూసి ఎంత నవ్వాడో, ఎందుకురా అంటే చెప్పలేదు, తర్వాత అర్థమైంది నాకు అన్నాడట.

నవ్విన సంగతి నాకు నిజంగా గుర్తు లేదు. కానీ నవ్వే ఉంటాను.

"వరండాలో పన్నెండు రోజులు ఆయన్ని తిట్టుకుంటూ నిలబడ్డాను" అంది. గొంతులో కోపం లేదు, ఉంటే బాగుండేది. "ఆ కాగితంలో అన్నీ అబద్ధాలు రాశానని ఇన్నేళ్ళూ సిగ్గుపడ్డాను. మా అన్న నన్ను తప్పుదోవ పట్టించాడని రాశాను కదా. అదొక్కటీ నిజమేనన్నమాట."

అవునమ్మా అన్నాను. రెండో బెల్లు కొట్టారు. అది చెయ్యి కడుక్కుని, తలుపు దగ్గరగా వేసి బడికి వెళ్ళిపోయింది.